నేను దిద్దిన పదులు

నేను చాలా వెధవ పనులు చేశాను. వాటిలో నష్టం నాకే జరిగింది కాబట్టి తలుచుకుని నవ్వుకుంటాను. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం కొంప మునిగింది ఇంకొకరిది. మీరు నవ్వండి, ఫరవాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అనంతపురంలో ఒక కాలేజీ లైబ్రరీలో నాకు ఉద్యోగమొచ్చింది. లోకంలోని తప్పులన్నీ దిద్దడానికే పుట్టానని నా నమ్మకం. హోటల్‌కు పోతే ఇడ్లీకన్నా ముందు బోర్డు మీది దీర్ఘాలు నంజుకునేవాణ్ణి.

ఆదిలక్ష్మి మా కాలేజీలో పరిశోధన చేసేది. శింగనమల దగ్గర పల్లె. వానల్లేక ఎండిపోయే శెనక్కాయ పంట మీద థీసిస్ రాస్తే, కొత్త పరిశోధన పేపర్లు చూడలేదని పరీక్షకులు తిప్పి పంపారు. శనివారం సాయంత్రంలోగా సరిచేసి ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. బెంగుళూరులో ఒక పెద్ద లైబ్రరీ వాళ్లు జాలిపడి ఇరవై పేపర్ల నంబర్లు ఫ్యాక్స్ చేశారు.

"ఈ నంబరు కొడితే పేపర్ వచ్చేస్తాదంట సార్. వెబ్‌సైటు అడ్రసు మారినా నంబరు మారదంట. కంప్యూటర్లో ఎక్కించి పెట్టండి, శుక్రవారం వస్తా," అని కాగితం నా చేతిలో పెట్టి పోయింది.

చూద్దును కదా, ప్రతి వరసా పది, చుక్కతోనే మొదలు, ఆ తర్వాతే పొడుగాటి నంబరు! ఇరవై వరసలూ పదోవే!

"చూసినావా ఓబులేసన్నా, బెంగుళూరోల్లకు ఒకట్లు రెండ్లు కూడా రావు!" అన్నాను మా అటెండర్‌తో.

"మనకెందుకప్పా? వాళ్లు రాసిండేది రాసినట్లే కొట్టు."

"తప్పని తెలిసినాక ఎట్ల కొట్టేదన్నా?"

దిద్దాను. చుక్క తర్వాతవి అలాగే ఉంచి, ముందున్న పదులు తీసేసి ఒకటి, రెండు, మూడు అని ఇరవై దాకా ముత్యాల్లాంటి వరస నంబర్లు వేశాను. ఫ్యాక్స్ కాగితం చించి పారేశాను. ఆ రోజు నా మీద నాకే గౌరవం పెరిగింది.

శుక్రవారం ఆదిలక్ష్మి కంప్యూటర్ ముందు కూర్చుంది. మొదటిది కొడితే దొరకలేదని వచ్చింది. రెండోదీ అంతే. తొమ్మిది దాకా అదే వరస. పదోది తెరుచుకుంది! ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. పదకొండోది మళ్లీ లేదు. ఇరవై దాకా లేవు.

"ఏం సార్, పదోదొక్కటే వచ్చినాది?"

"బెంగుళూరోల్ల నంబర్లమ్మా, యాడ నమ్మేది?"

"ఆ ఫ్యాక్స్ కాగితం ఉండాదా సార్? సరిచూస్తా."

"నా టైపింగులో తప్పుండదు," అన్నాను, పొగరుగా.

బెంగుళూరుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. శనివారం సాయంత్రం ఆ ఒక్క పేపర్ చేర్చి థీసిస్ ఇచ్చింది. చాలదన్నారు. రిజిస్ట్రేషన్ రద్దయింది.

సోమవారం మళ్లీ చేస్తే బెంగుళూరు లైబ్రరీ ఆయన ఫోన్ ఎత్తాడు. నాలుగు చీవాట్లు పెడదామని నా జాబితా చదవడం మొదలుపెట్టాను.

"పది యాడికి పోయినాది సార్?" అన్నాడు. "ఈ నంబర్లన్నీ పదితోనే మొదలయ్యేది."

ఆ పూటే పోయి తప్పు నాదని చెప్పి ఉంటే యూనివర్సిటీ వాళ్లు కనికరించేవాళ్లేమో. ఉద్యోగం పోతుందని భయపడి నోరు మూసుకున్నాను. పిరికితనాన్ని దిద్దుకోవాలని మాత్రం నాకు తోచలేదు.

కొన్నేళ్లకు ఆదిలక్ష్మి కదిరి బస్టాండులో కనిపించింది. ఏదో ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరట. బస్సు వచ్చేలోగా అంతా కక్కేశాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది.

"ఆ పదోదొక్కటే ఎట్ల తెరుచుకునిందా అని ఇన్నేండ్లు ఆలోచన చేస్తి సార్," అంది. "దాన్ని దిద్దినా పదే వస్తాది కదా. అందుకే మీ చేతిలో పడి కూడా బతికింది."

బస్సెక్కి వెళ్లిపోయింది.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. నాకు అర్థం కానిదాన్ని ఇక జన్మలో దిద్దను. దిద్దాలని చెయ్యి మరీ దురద పెడితే ముందు అడుగుతాను. అడగడానికి నామోషీ అయితే, ఆ పూటకు సెలవు పెట్టి ఇంట్లో పడుకుంటాను.