యక్షుల మాటలు పన్నెండు

ఎనభైల నడుమ ఒక వేసవిలో, మాచర్ల నుంచి నరసరావుపేట వెళ్తున్న బస్సులో ఒక మనిషి నా పక్కన కూర్చున్నాడు. బస్సు ఎక్కడ ఎంతసేపు ఆగిందో పాకెట్ డైరీలో రాసుకోవడం నా అలవాటు. అది చూసి నన్ను "మాస్టారూ" అన్నాడు. నేను మాస్టారుని కాదని చెప్పినా మానలేదు.

అతను జానపద నవల రాశాడట. అందులో యక్షుల కోసం ఏకంగా ఒక భాషే కల్పించాడు. ఎవరికీ పట్టుబడని ఆ మాటలు తీసేస్తేనే అచ్చు వేస్తానని ప్రెస్సు యజమాని అన్నాడట.

"యక్షులు తెలుగు మాట్లాడితే ఏంది నష్టం?" అన్నాను.

"అప్పుడు వాళ్ళూ మన గురజాలోళ్ళే అవుతారు గదా మాస్టారూ. పేట చేరేలోపు మీకు పన్నెండు మాటలు నేర్పుతా. మీకొస్తే ఎవురికైనా వస్తయ్. ప్రెస్సాయనకి అదే చెప్తా."

తీలామి అంటే నీళ్లు. సోవిరె అంటే వెన్నెల. నేను కిటికీ వైపు తిరిగినా, కళ్ళు మూసుకున్నా ఆపలేదు. పిడుగురాళ్లలో బస్సు పదకొండు నిమిషాలు ఆగితే, ఆ పదకొండు నిమిషాలూ అవే వినిపించాడు.

పేట దగ్గర పడ్డాక అడిగాడు. "ఒక్కటన్నా గుర్తుందా మాస్టారూ?"

"ఒక్కటీ లేదు" అన్నాను, అతని పీడ వదిలితే చాలని.

అతను ఒళ్ళో కాగితాల కట్ట విప్పి, నా పెన్సిలే అడిగి తీసుకున్నాడు. బస్సు దిగేదాకా ఒక్కో యక్షుల మాటా కొట్టేసి, పైన తెలుగు మాట రాస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే నేను డైరీ తీశాను. ఆ రోజు పేజీలో, బస్సు ఆగిన వేళల కింద, పన్నెండు మాటలూ అర్థాలతో సహా నా చేతిరాతలోనే వరసగా ఉన్నాయి. ఒక్క కొట్టివేత కూడా లేదు.