దొర విల్లు, నా బాణాలు

నెల్లూరులో ఒక మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. అరవైల మొదట్లో సంగతి. అప్పట్లో నాకు రాని విద్య లేదు. ఎందుకంటే ఎవరు ఏది అడిగినా "వచ్చు" అనేవాణ్ణి. వాలీబాల్ వచ్చా అంటే వచ్చు. బ్యాండు వాయించడం వచ్చా అంటే అదీ వచ్చు. ఆ తరవాత ఎవరి కాళ్లో పట్టుకుని చాటుగా నేర్చుకునేవాణ్ణి.

ఒకరోజు హెడ్మాస్టరు గారు స్టోరు గది సర్దిస్తూ నన్ను పిలిపించారు. ఉద్యోగం చాలించి తన దేశం వెళ్లిపోయిన ఒక దొర వదిలేసిన పొడవాటి చెక్కపెట్టె అక్కడ ఉంది. మూత తీస్తే లోపల పసుపురంగు కర్రతో చేసిన నున్నటి విల్లు. నాకంటే జానెడు పొడవు. బాణాలు మాత్రం ఒక్కటీ లేవు. ఆ దొర ఆరడుగుల పైచిలుకు మనిషని చెప్పుకునేవారు. నేను అయిదడుగుల మూడంగుళాలు, అదీ బూట్లతో.

"విలువిద్య వచ్చా?" అని అడిగారు హెడ్మాస్టరు గారు.

"కొద్దిగా వచ్చు సార్" అన్నాను.

ఆ 'కొద్దిగా' నా వినయమనుకున్నారాయన. మూడు నెలల్లో స్కూలు వార్షికోత్సవం, అతిథుల ముందు ప్రదర్శన ఇవ్వమన్నారు. సరేనని విల్లు భుజాన వేసుకుని, పిల్లలందరూ చూసేలా మైదానం మధ్యనుంచి నడిచి ఇంటికెళ్లాను. నిజానికి వెనక గేటు నుంచి పోతే ఇల్లు దగ్గర.

విల్లు దొరికాక బాణాలదేముంది, పుల్లలే కదా అనుకున్నాను. మొదట సరుగుడు కొమ్మలు చెక్కాను. అవి పది అడుగులు పోయి, విసుగొచ్చినట్టు నేలమీద పడుకునేవి. బరువెక్కువైందని రెల్లు కాడలకు దిగాను. రెండు రివ్వున పోయాయి గానీ ఎటు పోయాయో తెలియలేదు. మూడోది నారి వదిలీ వదలకముందే చేతిలో పేలిపోయి, ఎడమ అరచేతిలో వేలెడు పేడు దిగింది. ఆస్పత్రిలో కాంపౌండరుకి కంచె గుచ్చుకుందని చెప్పాను. ఆయన పేడు పీకి, అటూ ఇటూ తిప్పి చూసి, రెల్లుతో కంచె వేసే తెలివైనవాళ్లు ఎవరని అడిగాడు. నిజం చెప్పక తప్పలేదు. వాళ్ల అత్తగారి ఊరు మైపాడట. అక్కడ కాలవలో విల్లుతో చేపల్ని కొట్టే మనిషి ఒకడున్నాడు, పోయి కలవమన్నాడు.

ఆదివారం విల్లుకి దుప్పటి చుట్టుకుని మైపాడు బస్సెక్కాను. కావిడి బద్దా అని ఒకరు, కొత్త తెడ్డా అని ఒకరు అడిగారు. విల్లు అని చెబితే వేసి చూపించమంటారని తెడ్డే అన్నాను.

ఆ మనిషికి యాభై ఏళ్లుంటాయి. బక్కగా ఉన్నాడు. తాటాకు పందిరి కింద భార్యతో కలిసి వల బాగుచేసుకుంటున్నాడు. విల్లు చూడగానే వల పక్కన పెట్టేశాడు. చాలాసేపు వేళ్లతో తడిమాడు. భార్య కూడా వచ్చి తడిమింది. తరవాత నన్ను లాగమన్నాడు. పళ్లు బిగించి లాగాను. నారి నా గడ్డం దాకా వచ్చింది. విల్లు సగం కూడా వంగలేదు.

గట్టి విల్లు కాబట్టి గట్టి బాణాలు కావాలని చెప్పాను. పుస్తకంలో చదివినట్టే చెప్పాను. ఏ పుస్తకమూ చదవలేదు.

"ఆ దొర లాగితే ఇది పెద్ద విల్లు సారూ. మీరు లాగితే చిన్న విల్లు" అన్నాడు. "బాణం విల్లుని చూసి చేసేది కాదు. లాగేవాణ్ణి చూసి చెయ్యాల."

నాకు కోపం వచ్చింది. ఆయన భార్య వినకపోతే అంత వచ్చేది కాదు.

ఆయన అవేమీ పట్టించుకోకుండా పని మొదలుపెట్టాడు. నా రొమ్ము మధ్యనుంచి చాచిన వేలి కొస దాకా పుల్లతో కొలిచి, పైన నాలుగు వేళ్లు కలిపాడు. అటకమీది సన్న వెదుర్లు దించి, నిప్పు సెగన చూపించి వంకర తీశాడు. తరవాత రెండు గూటాలు పాతి, ఒక్కో వెదురుని వాటిమీద అడ్డంగా పెట్టి, మధ్యలో ఒకే రాయిని దారంతో వేలాడదీశాడు. ఏది ఎంత కుంగుతుందో చూశాడు. ఎక్కువ కుంగినవి ఒక పక్క, అసలు కుంగనివి ఒక పక్క పడేశాడు. నలభై వెదుర్లలో ఒక్కతీరుగా కుంగినవి ఆరు మిగిలాయి.

ఎందుకిదంతా అని అడిగాను. బాణం విల్లు పక్కనుంచి పోయేటప్పుడు చేప ఒళ్లు విరుచుకున్నట్టు కాస్త వంగి తప్పుకోవాలట. మరీ గట్టిదైతే వంగక, విల్లుకి తన్నుకుని ఎడమకి పోతుందట. మరీ మెత్తదైతే ఎక్కువ వంగి కుడికి పోతుంది, లేదా నా రెల్లు కాడలాగా పేలుతుంది.

అంతా అర్థమైంది. అర్థమయ్యాక కూడా, ఆ ఆరూ సన్నగా ఉన్నాయి, చూసేవాళ్లు నవ్వుతారు, లావువి కూడా ఆరు చెయ్యమన్నాను.

"చేస్తా. అవి మాత్రం మీ మాట మీద ఎగిరేయి, నా మాట మీద కాదు" అన్నాడు.

మరుసటి ఆదివారం రెండు రకాలూ తెచ్చుకున్నాను. సన్నవాటితో ఇంటి వెనక రోజూ సాధన చేశాను. ఇరవై గజాల దూరంలో గడ్డిమోపుకి ఆరింట నాలుగు తగిలేవి. లావువాటికి ఎర్రరంగు వేసి అపురూపంగా దాచాను. సన్నవాటితోనే ఇంత బాగా కొడుతుంటే వీటితో ఎంత బాగా కొడతానో అనుకున్నాను.

వార్షికోత్సవానికి మైపాడు దంపతుల్ని కూడా పిలిచాను. వాళ్లు వచ్చి చివర్లో కూర్చున్నారు. నేను సన్నవి సంచిలోనే ఉంచి, ఎర్ర బాణాలతో దిగాను. మొదటిది గడ్డిమోపుకి రెండు గజాలు ఎడమగా ఇసకలో దిగింది. గాలి అనుకున్నాను. గాలి లేదు. రెండోది ఇంకాస్త ఎడమకి పోయింది. మూడోది షామియానా పక్కన ఎవరూ లేని మూల అతిథుల కోసం పెట్టిన షర్బతు కుండలో దిగింది. కుండ పగిలి షర్బతంతా మైదానంలోకి పారింది.

చప్పట్లు మోగిపోయాయి. నేను గురిపెట్టింది కుండకేనని అందరూ అనుకున్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను నడుం వంచి నమస్కారం పెట్టాను. ముఖ్య అతిథిగారు ముచ్చటపడి, రెండో కుండ కూడా కొట్టమన్నారు.

అప్పుడు చివరి వరసకేసి చూశాను. మైపాడు ఆయన నవ్వడం లేదు, తల వంచుకుని ఉన్నాడు. ఆమె మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. ముఖ్య అతిథిగారి దగ్గరికెళ్లి, నేను గురిపెట్టింది గడ్డికి, నాకు తగని బాణాలు తెచ్చాను, వద్దని ముందే చెప్పిన మనిషి అదిగో అక్కడున్నాడు అని చెప్పేశాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆయన లేచి వచ్చి, నా సంచిలోంచి సన్న బాణాలు తీసి ఒక్కొక్కటే అందించాడు. నాలుగు గడ్డిలో దిగాయి. నడిమధ్యన ఒక్కటీ లేదు. కుండకి పడినన్ని చప్పట్లు పడలేదు.

సభ ముగిశాక హెడ్మాస్టరు గారు విలువిద్య ఎప్పుడు నేర్చుకున్నావని అడిగారు. మూడు నెలల కింద, మైపాడులో అన్నాను. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, అయితే నేర్పినాయన్నే పిలుద్దాం అన్నారు.

అలా ఆయన మూడేళ్లపాటు శనివారాలు వచ్చి పిల్లలకి నేర్పాడు. ఒక్కొక్కరి చెయ్యి కొలిచి, చిన్న వెదురు విల్లు చేసి, దానికి తగ్గ బాణాలు ఏరి ఇచ్చేవాడు. రాయి వేలాడదీసే పని నాది. దొర విల్లుని మాత్రం మా లెక్కల మాస్టారికి ఇచ్చాం. ఆయనా తాటిచెట్టంత మనిషే. చెవిదాకా లాగి వదిలితే నా సన్న బాణాలన్నీ కుడికి పోయాయి. ఆయన నొచ్చుకుంటుంటే, మీ తప్పేం లేదండీ, అవి నాకు చేసినవి అని చెప్పాను. ఆ వారం ఆయన కొలత తీసుకుని మైపాడు బస్సెక్కాను.