గడియ కనిపించేంత వెలుగు

మా ఆవిడకి చీకట్లో నిద్ర పట్టదు. నిండు వెలుగులోనూ పట్టదు. మంచం మీద పడుకుంటే తలుపు గడియ కనిపించాలి. అంతకు మించి ఒక్క పిసరు వెలుగు ఎక్కువైనా కుదరదు.

సునామీ నాడు పట్టిన అలవాటిది. ఈ దీవుల్లో ఒడ్డున ఉన్న మా ఇల్లు పోయి, ఒక బడిగదిలో తలదాచుకున్నాం. ఆ రాత్రి మళ్ళీ భూమి కదిలితే గదిలోని జనమంతా తలుపు మీద పడ్డారు. చీకట్లో గడియ ఎవరికీ దొరకలేదు. చివరికి దాన్ని తడిమి తీసింది ఆవిడే. మర్నాటి నుంచి ఆ గదిలో లాంతరు ఒత్తి బాగా తగ్గించి, తలుపు దగ్గరే పెట్టుకుని పడుకున్నాం.

తరవాత ఒడ్డుకు దూరంగా ప్రోతరాపూర్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ లాంతరుకు బదులుగా గోడకి డిమ్మర్ పెట్టించాను. గుండ్రటి మీట తిప్పితే అరవై వాట్ల బల్బు నిప్పుకణికలా తగ్గేది. ఏళ్ళ తరబడి ఇబ్బంది లేదు. ఆ బల్బు కాలిపోయాకే మొదలయ్యాయి నా తిప్పలు. అలాంటి బల్బులిక రావన్నారు.

కరెంటు సామాన్ల కొట్టతను మనవాడే, శ్రీకాకుళం వైపు వాడు. అతనిచ్చిన ఎల్‌ఈడీ బల్బు డిమ్మర్‌కి పనికొస్తుందా అని అడిగితే, చేతిలోని ఫోను మీంచి తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

“చల్ జాయేగా తాతగారూ, పనిచేస్తుంది. ఎల్‌ఈడీకి అన్నీ ఒకటే.”

ఒకటే కాదు. మీట తగ్గించగానే ఆ బల్బు లైట్‌హౌస్‌లా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను బడికి వెళ్ళింది తక్కువ. జెట్టీలో పెట్టెల మీది రాతలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. భూతద్దం పెట్టి అట్టపెట్టె చూస్తే, డిమ్మర్లకు వాడరాదని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అమ్మేవాడు చదవడు, కొనేవాడికి కనబడదు. మరి ఆ రాత ఎవరికోసం?

జీరో బల్బు పెట్టుకోమని అతనిదే ఉచిత సలహా ఒకటి. అదీ పెట్టాను. ఆ పచ్చటి వెలుగులో గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుందని ఆవిడ లేచి బయటికి వచ్చేసింది.

పట్టుబట్టి డిమ్మబుల్ అని రాసి ఉన్న ఎల్‌ఈడీ తెప్పించమన్నాను. సరుకు ఓడ రావాలన్నాడు. వచ్చిన ఓడలో అది లేదు, తరవాతి దాంట్లో వచ్చింది. ఈసారి కొట్టుకోలేదు కానీ, సగానికి తగ్గించగానే జుమ్మని మోత. ఇంకాస్త తగ్గిస్తే పూర్తిగా ఆరిపోయింది. ఆవిడ ఒక్క మాటే అంది.

“ఈ మోతకన్నా చీకటే నయం.”

ఆవిడే చీకటి ఓర్చుకుంటానందంటే నా చేతకానితనం ఎంతవరకు వచ్చిందో చూడండి. పాత డిమ్మర్ ఊడదీసి వెనక చదివాను. కనీసం నలభై వాట్లయినా ఉండాలట. నా బల్బు ఏడు వాట్లు. బల్బు మంచిదైతే చాలదు, డిమ్మర్ కూడా దానికి తగినదై ఉండాలి. ఈ ముక్క మొదటిరోజే చెప్పి ఉంటే ఆ కొట్టువాడి సొమ్మేం పోయేది? అడిగితే నవ్వాడు.

“ఇవన్నీ ఎవరు చదువుతారు తాతగారూ?”

“అమ్మేవాడు చదవాలి,” అన్నాను.

ఎల్‌ఈడీలకని చేసిన డిమ్మర్ కోసం మళ్ళీ ఓడ. అది వచ్చాక మధ్యాహ్నమే కిటికీలకు దుప్పట్లు కట్టి, ఆవిడని మంచం మీద పడుకోబెట్టాను. డిమ్మర్ మూత తీస్తే పక్కన చిన్న మరమేకు ఉంది. వెలుగు ఎంతవరకు తగ్గాలో దానితో సరిచేసుకోవాలి. స్టూలు మీద కూర్చుని కొద్దికొద్దిగా తిప్పాను. మోత లేదు, కొట్టుకోవడం లేదు.

“గడియ అగుపిస్తోందా?”

“అగుపిస్తోంది. ఇంకొంచెం తగ్గించు.”

తగ్గించాను. మళ్ళీ అడిగాను. వెనక్కి తిరిగి చూస్తే నిద్రపోయింది.

ఆ కొట్టువాణ్ణి తిడుతూ ఆవిడకి చెప్పాల్సిన మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. అన్నీ దిగమింగి, చప్పుడవుతుందని డిమ్మర్ మూత కూడా బిగించకుండా, ఆవిడ లేచేదాకా స్టూలు మీదే కూర్చున్నాను.