మేస్త్రికి ఊద్ పట్టుకుంది

ముప్పయ్యేళ్లుగా కట్టెను ముక్కుతో చదివిన మనిషి మా వడ్రంగి మేస్త్రి. చెక్కను రెండుసార్లు చిత్రిక పట్టి, రాలిన పొట్టు వాసన చూసి, ఇది టేకు, ఇది టేకని అంటగట్టింది అని తేల్చేసేవాడు. బూజు మరక కనబడితే చాలు, ఆ చెక్క టింబరు డిపోకి తిరుగుముఖం పట్టాల్సిందే.

ఒకసారి అత్తరు దుకాణంలో అరలు బిగించే పని దొరికింది. పని ముగిశాక దుకాణదారు ఆయన మణికట్టు మీద గాజుపుల్లతో ఊద్ అనే అత్తరు తాకించాడు. మేస్త్రి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. మిరియం ఘాటు, పొగ, పాత పెట్టె లోపలి వెచ్చదనం, అడుగున ఎక్కడో తేనె.

"కట్టే. ఏ కట్టో మాత్రం అంతు చిక్కట్లేదు," అన్నాడు చిన్నబోయి.

"అగరు చెట్టండీ. చెట్టు ఆరోగ్యంగా ఉంటే ఈ వాసన రాదు. గాయమై, బూజు పట్టాలి. అప్పుడు లోపల ఊరే నల్లబంకతోనే ఇదంతా."

"బూజు పట్టిన కట్టెనా?"

అప్పుడు మేస్త్రి మొహం చూడాలి. అయినా బయటికొచ్చేటప్పుడు జేబులో చిన్న సీసా ఉంది.

వార్నిష్ వేసే చెయ్యి కదా, చుక్కతో ఆగలేదు. మెడకి ఒక పూత, చొక్కాకి రెండో పూత. మర్నాడు ఒక ఇంట్లో తలుపు బిగిస్తుంటే, ఆ ఇంటి ముసలావిడ లోపలి గదిలోంచి కర్ర పొడుచుకుంటూ వచ్చి, "పెళ్లివారొస్తే చెప్పొద్దుటే?" అని కోడలిని కసిరింది.

మేస్త్రి భార్యకి ఓపిక నశించింది. "ముప్పయ్యేళ్లు బూజు కట్టెని గుమ్మం తొక్కనివ్వలేదు. ఇప్పుడు ఒంటికే పూసుకుంటున్నారు."

"అది వేరే," అని గొణిగాడాయన.

ఆమె సీసాని తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచింది. మూత సరిగ్గా బిగుసుకోలేదు. వారం రోజులు ఇంటిల్లిపాదీ ఊద్ అన్నం తిన్నారు. "నాన్నా, నీ చొక్కా నములుతున్నట్టుంది," అని కూతురు మూలిగింది. మేస్త్రి మాత్రం మారు వడ్డించుకున్నాడు.

చివరికి భార్య చెప్పులేసుకుంది. "పదండి ఆ కొట్టుకి. పక్కన మనిషి కూర్చోగలిగే వాసనేదో నేనే చూస్తాను."

దుకాణదారు మల్లె, గులాబీ, చందనం వరసగా చూపించాడు. అన్నిటికీ ఆమె పెదవి విరిచింది. ఒకటి సబ్బులా ఉందంది, ఒకటి ఉత్త నీళ్లంది. చూసి చూసి అతను కింది అరలోంచి మరో ఊద్ తీశాడు. ఘాటులో మేస్త్రి సీసా దీని ముందు దిగదుడుపే. ఆమె మణికట్టు ముక్కుకి ఆనించుకుని, కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయింది.

"ఎలా ఉందే?" అన్నాడు మేస్త్రి మెల్లగా.

"మీదానికంటే నయం. దీని జోలికొచ్చారంటే ఊరుకోను."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ముందు సీటువాళ్లు గబగబా కిటికీ తెరిచారు. అది తన పక్కనున్న మనిషి అత్తరు పుణ్యమేనని భార్యాభర్తలిద్దరూ ఎవరికి వారే అనుకున్నారు.