పసుపు ఫోటోలు తీసేసిన రోజు

మా ఆయన ఫోన్‌ను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మనిషి పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే దాని ముఖం చూస్తాడు. చూసి చేసే ఘనకార్యం ఏమిటంటే, ఎవరో పంపిన గులాబీ పువ్వును, దాని మీద శుభోదయం అని రాసి ఉన్నదాన్ని, ఇంకో నలుగురికి పంపడం. ఆ నలుగురూ ఇంకో పువ్వు వెతికి ఈయనకు పంపుతారు. ఒకే బజారులో ఎదురెదురు దుకాణాల్లో కూర్చునే పెద్దమనుషులు వీళ్ళు. తలెత్తితే ఒకరికొకరు కనపడతారు. అయినా శుభోదయం ఫోన్‌లోనే చెప్పుకోవాలి.

నాది బటన్ల ఫోన్. మోగితే ఎత్తుతాను, మాట అయిపోతే పెట్టేస్తాను. పెద్ద ఫోన్ కొనిస్తానని మా అమ్మాయి ఎన్నిసార్లు అడిగినా వద్దన్నాను. ఇంట్లో ఒక పిచ్చి చాలు.

మాది ఆర్మూర్‌లో ఆడ్తి దుకాణం. రైతులు పసుపు తెచ్చి మా దగ్గర కుప్ప పోస్తారు, మేము కొనేవాళ్ళకు చూపించి అమ్మిపెడతాం, మధ్యలో మా కమీషన్ మాకు. పూర్వం కొనేవాడు వచ్చి, కుప్పలో చెయ్యి పెట్టి, ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసి బేరం ఆడేవాడు. ఇప్పుడు మహారాష్ట్రలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఫోటో పంపమంటాడు. అందుకని మా ఆయన కుప్పను దూరం నుంచి తీస్తాడు, దగ్గర నుంచి తీస్తాడు, అరచేతిలో పోసుకుని తీస్తాడు, కొమ్ము విరిచి తీస్తాడు. ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి. ప్రతి రైతు సరుకుకూ ఇదే తంతు. ఆ సరుకు లారీ ఎక్కి, పొడి అయ్యి, ఎవరింటి కూరలోనో పడి అరిగిపోయాక కూడా దాని ఫోటో ఈయన దగ్గర భద్రంగా ఉంటుంది. ఎందుకయ్యా ఈ చెత్త అంటే, "ఉండనియ్యే, ఎప్పటికన్న పనికొస్తది" అంటాడు.

ఇక గ్రూపుల సంగతి వేరే. పసుపు పాలు తాగితే ఏయే రోగాలు పోతాయో చెప్పే వీడియోలను పసుపు అమ్మేవాడికి పంపే మహానుభావులు కూడా ఉన్నారు. మా ఆయన వాటిని చివరిదాకా చూసి దాచుకుంటాడు. ఇంట్లో పాలు కాచి ఇస్తే మాత్రం "పసుపు ఎయ్యకు, నాకు పడది" అంటాడు. ఇక దేవుళ్ళ బొమ్మలైతే, సోమవారానికి ఒక దేవుడు, మంగళవారానికి ఒక దేవుడు, గుంపులు గుంపులుగా వచ్చి ఆ ఫోన్‌లో కాపురం పెట్టారు.

నిరుడు మా అమ్మాయి పెళ్ళి చేశాం. మా కాలంలో పెళ్ళికూతుర్ని పీట మీద కూర్చోబెట్టి, ముత్తైదువలు పసుపు పూసి, నీళ్ళు పోసేవాళ్ళు. దానికిప్పుడు హల్దీ ఫంక్షన్ అని పేరు. మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, దాని పెత్తనమంతా తన నెత్తిన వేసుకుంది. నిజామాబాద్ నుంచి ఈవెంట్ వాళ్ళను పిలిపించింది. పసుపుపచ్చ పరదాలు, ప్లాస్టిక్ బంతిపూల దండలు, పసుపుపచ్చ రంగు వేసిన కుర్చీ. వచ్చే చుట్టాలందరూ పసుపుపచ్చ బట్టలే కట్టుకోవాలని హుకుం. చివరికి పసుపు కూడా ఆ ఈవెంట్ వాళ్ళే పొట్లంలో తెచ్చారు, గులాబీ వాసన కలిపి. ఇంటి వెనక గోదాములో బస్తాల మీద బస్తాలు పసుపు పెట్టుకుని, బిడ్డ ఒంటికి కొనుక్కొచ్చిన పొట్లం. నేను నోరు మూసుకున్నాను. పెళ్ళి ఇల్లు కదా అని.

ఒక్క దగ్గర మాత్రం మూసుకోలేదు. అది మా చిన్నమ్మ కోసం.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు, పెర్కిట్‌లో ఉంటుంది. నా చిన్నతనంలోనే మా అమ్మ పోతే నన్ను పెంచింది ఈమే. పెళ్ళైన కొన్నాళ్ళకే భర్త పోయాడు, పిల్లలు లేరు. సీజన్ వచ్చిందంటే ఆటో ఎక్కి మా దుకాణానికి వచ్చి, కుప్పల దగ్గర కూర్చుని, పొడుగు కొమ్ములు ఒక దిక్కు, గుండ్రటి గోళలు ఒక దిక్కు ఏరుతుంది. నీకెందుకు ఈ కష్టం అంటే, "ఊకె కూసుంటే తిన్నది అరగది బిడ్డా" అంటుంది. సీజన్ అయిపోయినా ఆమె గోళ్ళ సందుల్లో పసుపు పోదు. అయితే ఆ చేతులతో ఎవరి చెంపకూ చిటికెడు పసుపు పెట్టకూడదట. మొగుడు పోయిన మనిషి కదా, అశుభమట. నా పెళ్ళిలో కూడా ఆమెను వెనకాల వంటల దగ్గరే నిలబెట్టారు. పెంచిన మనిషి నాకు పసుపు పెడితే కొంప మునుగుతుందన్న ఆ ముత్తైదువలే, ఆమె కలిపిన పులిహోరను మళ్ళీ మళ్ళీ వడ్డించుకుని తిన్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యం వేస్తుంది.

అందుకే మా అమ్మాయి హల్దీ రోజు నేను వెనకింట్లోకి వెళ్ళి చిన్నమ్మ చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చాను. మా ఆడబిడ్డ అడ్డం వచ్చింది.

"నీకేమన్న మతి ఉన్నదా? శుభమా అని పెండ్లి చేస్తుంటే ఆమెనెందుకు తెస్తున్నవ్?"

"మతి ఉండే తెస్తున్న వదినా. జర పక్కకు జరుగు."

మా అమ్మాయి తనే ముఖం ముందుకు పెట్టి "పెట్టు అమ్మమ్మా" అంది. చిన్నమ్మ రెండు వేళ్ళతో చెంప మీద ఇట్లా తాకించి, కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను మా ఆయన చేతిలోని ఫోన్ లాక్కుని ఆ క్షణాన్ని తీశాను. ఆ ఫోన్ కొన్నందుకు అది చేసిన మంచి పని అదొక్కటే.

తర్వాత పెళ్ళి ఆల్బమ్ వచ్చింది. ఫోటోలు తీసిన అతని పక్కన కూర్చుని ఏవి ఉండాలో, ఏవి ఉండకూడదో చెప్పింది మా ఆడబిడ్డే. అట్ట నుంచి అట్ట దాకా తిరగేసినా చిన్నమ్మ చీర కొంగు కూడా కనపడలేదు. ఆ ఫోటోలతన్ని అడిగితే, "ఆల్బమ్ ఇచ్చినంక అన్ని తీసేస్తమమ్మా, లేకుంటే ఇంకో పెండ్లికి జాగ ఉండది" అన్నాడు. అంటే ఇక మిగిలింది మా ఆయన ఫోన్‌లో నేను తీసిన ఆ ఒక్క ఫోటోనే.

చిన్నమ్మ దుకాణానికి వచ్చినప్పుడల్లా, పని అయిపోయాక, కొంగుతో చేతులు తుడుచుకుని, "అల్లుడా, జర గా ఫోటో చూపియ్యి" అని అడిగేది. ఈయన విసుక్కుంటూ వెతికి చూపించేవాడు. ఆమె ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని చూసి, తిరిగి ఇచ్చేది. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "దీన్ని కడిగిపియ్యస్తదా బిడ్డా? గోడకు పెట్టుకుంట" అంది. నాకు తెలిసి ఆమె తన కోసం ఒకరిని ఒకటి అడగడం అదే మొదటిసారి. మా ఆయనకు చెప్పాను. స్టూడియో వాడికి పంపితే అయిపోయే పని. "సీజన్ అయిపోనీ" అన్నాడు. ఊరందరికీ గులాబీలు పంచే మనిషికి ఈ ఒక్కటి పంపడానికి తీరిక లేదు. ఇక ఈయన్ను నమ్ముకుంటే లాభం లేదని, మధ్యాహ్నం రమ్మని, నేనే స్టూడియోకు తీసుకుపోతానని చిన్నమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

ఆ మధ్యాహ్నం నేను ఆయన తినడానికి సద్ది పట్టుకుని దుకాణానికి వెళ్ళేసరికి మా ఆయన యుద్ధం గెలిచినవాడిలా కూర్చుని ఉన్నాడు.

"పొద్దున ఫోటో తియ్యబోతే ఫోన్ నిండిందని చెప్పింది. గా మహారాష్ట్ర కొనేటోడు ఒకటే ఫోన్లు. కూసుని మొత్తం సాఫ్ చేసిన. గిప్పుడు మస్తు జాగ అయ్యింది, చూడు."

చూశాను. గులాబీలు ఉన్నాయి. పసుపు పాలు ఉన్నాయి. సోమవారం దేవుడు, మంగళవారం దేవుడు, అందరూ చల్లగా ఉన్నారు.

"మరి గివన్ని ఎందుకు ఉంచినవ్?"

"దేవుణ్ణి డిలీట్ చేస్తరానే? పాపం తగుల్తది. పువ్వులు, పాలు తర్వాత చూద్దామనుకున్న. సరుకు ఫోటోలే ఎక్కువున్నయి, గవి తీసేసిన."

ఆ మాట ఇంకా పూర్తిగా నా చెవిలో పడకముందే ఆటో ఆగింది. చిన్నమ్మ దిగింది. కుప్పల దగ్గర కట్టుకునే పాత చీర కాదు, మడతలు పోని మంచి చీర కట్టుకుంది. చంకలో కవరు. అందులోంచి ఫోటో ఫ్రేమ్ తీసి, కొంగుతో అద్దం తుడిచి నాకు చూపించింది.

"పెర్కిట్‌లనే కొన్న బిడ్డా. గింత సైజు సరిపోతదా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఫోన్ తీసుకుని వేలితో పైకి కిందికి తోశాడు. మళ్ళీ తోశాడు. నాకు అప్పుడే అర్థమైంది. ఫోన్‌లో చిన్న చిన్న గడుల్లో ఫోటోలన్నీ వరుసగా కనపడతాయి కదా, ఈ మహానుభావుడు పసుపుపచ్చగా కనిపించిన గడుల మీద వేలు పెట్టి గీసుకుంటూ పోయాడు. పసుపు కుప్పలూ, పసుపుపచ్చ పరదాల ముందు పసుపుపచ్చ చీరల్లో కూర్చున్న మా ఇంటి మనుషులూ ఆయన కళ్ళకు ఒకటే అయిపోయారు.

"పచ్చగున్నయన్ని సరుకే అనుకున్న" అన్నాడు మెల్లగా.

"చెత్తబుట్టల ఉంటయట గద? అందుల చూడు."

"అది గూడ ఖాళీ చేసిన. చేస్తేనే జాగ వస్తదని చెప్పింది."

సొంత బిడ్డను కుప్పతో పాటు ఊడ్చేసిన మనిషి, ఇంకా ఫోన్ చెప్పింది ఫోన్ చెప్పింది అంటున్నాడు. ఎక్కడో ఆకాశంలో ఇంకో కాపీ ఉంటుందట. ఆ ఆకాశం కూడా ఎప్పుడో నిండిపోయిందట, ఈయన పట్టించుకోలేదట. అమ్మాయికి ఫోన్ చేశాను. తన దగ్గర లేదు, నాన్న పంపుతానని పంపనే లేదు అంది. చివరికి మనసు చంపుకుని మా ఆడబిడ్డకు చేశాను. ఇంట్లో వాళ్ళ ఫోటోలన్నీ ఒకప్పుడు తన ఫోన్‌లోకి ఎక్కించుకుంది కదా అని.

"గా ఫోటోనా? నేనెప్పుడో తీసేసిన. గసొంటియి ఎవరన్న ఉంచుకుంటరా? పోతే పోయింది, మంచిగైంది" అంది.

నేను పెట్టేశాను. బటన్ల ఫోన్‌లో అదొక సుఖం, గట్టిగా నొక్కి పెట్టేయవచ్చు.

చిన్నమ్మకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఫ్రేమ్‌ను మళ్ళీ కవరులో పెట్టి, ఖాళీ బస్తాల వెనక్కి తోసింది.

"పోనియ్యి బిడ్డా. గంత దానికి అల్లుణ్ణి అనకు. నా కండ్లతోని చూసిన గద, చాలు."

అని, ఆ మంచి చీరతోనే కుప్ప దగ్గర కూర్చుని కొమ్ములు ఏరడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు రాలేదు. ఒంటి నిండా కోపం వచ్చింది. మా ఆయన మీద, ఆ ఫోన్ మీద, మా ఆడబిడ్డ మీద, నా పెళ్ళిలో పులిహోర తిన్న ముత్తైదువలందరి మీద.

కుప్పలోంచి ఒక మంచి కొమ్ము తీసుకున్నాను. గడప దగ్గరి బండ మీద సీసాలోని నీళ్ళు పోసి అరగదీశాను. హమాలీలు బస్తాలు దించడం ఆపి చూస్తున్నారు. సరుకు తెచ్చిన రైతులు బీడీలు పక్కన పెట్టి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. పసుపు గుజ్జును అరచేతిలోకి తీసుకుని, చిన్నమ్మ ముందు గోనె మీద కూర్చుని, చెయ్యి చాచాను.

"చిన్నమ్మా, పెట్టు."

"ఏందే గిది, మందిల?"

"మందిలనే పెట్టాలె. పెట్టు."

మా ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఏమే, బజార్ల గిదేం పని? నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు.

"ఫోన్‌ల జాగ ఉన్నదా?" అన్నాను.

"ఉన్నది. మస్తున్నది."

"అయితే నోరు మూస్కోని ఫోటో తియ్యి."

చిన్నమ్మ కొంతసేపు నా అరచేతి వైపే చూసింది. తర్వాత వేళ్ళు ముంచింది. మా అమ్మాయికి పెట్టినట్టు తాకించి వదిలేయలేదు. రెండు చెంపలకూ, నుదుటికీ, గడ్డానికీ, మెడకూ, పెళ్ళికూతురికి పూసినట్టు పూసింది.

"నీ పెండ్లప్పుడు పెట్టాల్సింది బిడ్డా" అంది. "గప్పుడు ఎనక పొయ్యి కాడ నిలవడి, నీకు పెడుతున్న అనుకుంట పులిహోరల పసుపు ఏసిన."

ఇన్నాళ్ళూ ఆమె ఆ మాట నాకు చెప్పలేదు. నాకు కళ్ళ నుంచి నీళ్ళు కారిపోయాయి, పసుపు పాడైపోతుందని తుడుచుకోలేదు. మా ఆయన ఒకటి తీయమంటే వరసగా తీస్తూనే ఉన్నాడు, కుప్పను తీసినట్టు, దూరం నుంచి, దగ్గర నుంచి. జీవితంలో మొదటిసారి నేను వద్దనలేదు.

"గ్రూపుల పెట్టాల్నా?" అని అడిగాడు చివరికి, తప్పు చేసిన గొంతుతో.

"ముందుగాల మీ అక్కకు పంపు. తర్వాత గ్రూపుల పెట్టు."

ముఖం కడుక్కోకుండానే చిన్నమ్మను వెంటబెట్టుకుని స్టూడియోకు నడిచాను. ఫ్రేమ్ ఆమె చేతిలో ఉంది. స్టూడియో అతను మా ఆయన పంపిన ఫోటోను పెద్ద తెర మీద పెట్టి, నన్నూ తెరనూ మార్చి మార్చి చూసి, మర్యాదగానే అడిగాడు.

"మొఖం మీద పసుపు మరీ ఎక్కువైందమ్మా. జర తీసెయ్యాల్నా?"

నేను నోరు తెరిచేలోపే చిన్నమ్మ ముందుకు వచ్చి, పసుపు చెయ్యి అతని బల్ల మీద ఆనించింది.

"వద్దు కొడుకా. ఏం తియ్యకు."