మాస్టారి సాయంత్రం ఎవరికీ ఇవ్వను

మా విశ్వవిద్యాలయంలో ఇరవై ఏళ్లకు పైగా మృదంగం నేర్పిన మాస్టారు పోయిన వారం గజపతినగరంలో, వాళ్లింట్లో కన్నుమూశారు. ఫోను వచ్చేసరికి ఈ ఏటి సంగీత, నృత్యోత్సవాల ఆహ్వానపత్రిక ప్రూఫు నా చేతిలో ఉంది. చివరి సాయంత్రం ఎదురుగా, మొదటిసారి పెద్దక్షరాల్లో, ఆయన పేరు. ఆ రోజు నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఇది రాస్తూనే మూడుసార్లు లేచి వరండాలో తిరిగొచ్చాను.

నేను ఆర్థికశాస్త్రం చెప్పేవాణ్ని. తాళం అంటే ఏమిటో తెలియదు. ఈ ఉత్సవాల బాధ్యత నా నెత్తిన పడిన మొదటి ఏడు, వచ్చే గాయకుణ్ని తీసుకురావడానికి స్టేషనుకి వెళ్తుంటే మాస్టారు కూడా బయల్దేరారు. గాయకుడు రైలు దిగి నాతో సామాన్ల గురించి నాలుగు మాటలు మాట్లాడాడో లేదో, మాస్టారు నా చెవి దగ్గర చేరి "ఈయనకి సిన్న మృదంగం సాలదు బాబూ, పెద్దది తెస్తాను" అన్నారు.

"ఎలా తెలిసింది మాస్టారూ?"

"మాట ఇన్నాం కదేటి!"

మాట్లాడే గొంతును బట్టి పాడే శ్రుతిని, దానికి తగ్గ మృదంగాన్ని పసిగట్టడం ఆయనకు సరదా. ఒక్కోసారి తప్పేది. అప్పుడు పంచె ఎగ్గట్టి, ఇంకో మృదంగం కోసం వేదిక వెనక ఆయన తీసే పరుగు చూసి తీరాలి.

నాట్యం చేసేవాళ్లొస్తే మొహం చూసేవారు కాదు, పాదాలే చూసేవారు. ఒకావిడ నొచ్చుకున్నారు కూడా. "అమ్మా, నీ మొకం జనం సూస్తారు. నా పని కిందనున్నాది" అన్నారు మాస్టారు. ఆవిడ నవ్వేశారు.

సొంత మృదంగం మనిషిని తెచ్చుకోని అతిథులందరికీ ఆయనే వాయించేవారు. ఆహ్వానపత్రికలో ఆయన పేరు అడుగున, చిన్నక్షరాల్లో ఉండేది. రెండేళ్ల కిందట, ఆయనొక్కరికే ఒక సాయంత్రం పెట్టమని విద్యార్థులు అడిగితే సరేనన్నాను. ఆ ఏడు ఆ తేదీని ఓ పేరున్న నర్తకికి ఇచ్చేశాను. మరుసటి ఏడు, చెన్నై గాయకుడికి ఆ రోజు తప్ప కుదరదన్నారు. ఈసారీ వాయిదాయేనని చెప్పడానికి మొహమాటపడుతూ వెళ్తే మాస్టారే నన్ను ఊరడించారు.

"ఆలకి డేట్లు దొరకవు బాబూ. నానెక్కడికెల్తాను? ఇక్కడే ఉంటాను కదా."

నేను హాయిగా టీ తాగి వచ్చేశాను. పైగా ఆ గాయకుడికి వాయించిందీ ఆయనే. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఆయన పోయిన మర్నాడే ఆఫీసుకి పిలిచి చెప్పారు: చివరి రోజు ఖాళీ కదా, ఇంకో అతిథిని పిలవండి అని. ఖాళీ లేదన్నాను. ఎప్పుడూ గొంతెత్తని నేను ఆ గదిలో అరిచాను. ఆ సాయంత్రం ఎవరికీ ఇవ్వను, ఆయన నేర్పినవాళ్లే వాయిస్తారు అన్నాను. ఈ తెగింపు రెండేళ్ల కిందట ఉంటే ఎంత బాగుండేది.

నిన్న అచ్చయిన ఆహ్వానపత్రిక పట్టుకుని గజపతినగరం వెళ్లాను. మాస్టారి భార్య దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆయన పేరు మీద వేలుంచి చాలాసేపు చూశారు.

"ఇన్నేళ్లలో నానొక్కపాలీ రాలేదు బాబూ. ఎప్పుడడిగినా, నా పోగ్రాం అయినప్పుడు తీసుకెల్తాన్లే అనీవోరు. ఈసారి రమ్మన్నారు. ఎక్కడ కూకోమంటారు?"

"మొదటి వరసలో అమ్మా."

"అక్కణ్నుంచి ఆయన సేతులు కనపడతాయా?"

అనేసి ఆగిపోయారు. వేలు మాత్రం పేరు మీంచి తియ్యలేదు.

"కనపడతాయమ్మా" అన్నాను.