జమానతుకు కూర్చున్న పూట

ఎం.ఎస్.డబ్ల్యూ. చివరి సెమిస్టరులో, జనవరి నెలలో, నన్ను వనపర్తిలోని ఒక వలస కార్మికుల సహాయ కేంద్రానికి ఇంటర్న్‌గా పంపారు. కేంద్రానికి పెద్ద కోఆర్డినేటర్ మేడమ్. ఆమె కింద కేస్‌వర్కర్ యాదమ్మక్క, అందరి కింద నేను. మాది లింగాల. మా తాత, అవ్వ మట్టిపనికి పుణె, బొంబాయి తిరిగినవాళ్లు. ఇప్పుడు మా ప్రాంతపు ఇటుక బట్టీలకే ఒడిశా నుంచి కుటుంబాలు వచ్చి దిగుతున్నాయి. కొత్తగా వచ్చినవాళ్ల పేర్లు నమోదు చేసుకుని, ఎవరికి దవాఖాన అవసరం, ఎవరికి రేషను, ఎవరి పిల్లలకు బడి అని అడిగి, అవి అందేదాకా వెంట ఉండటాన్ని కేస్‌వర్క్ అంటారు. అందిన తర్వాత ఫైలు మూస్తారు.

నాకు కొత్తవాళ్లతో నోరు పెగలదు. రాత్రి డైరీలో పేజీలు నింపే నేను పగలు నాలుగు మాటలు అనలేను. యాదమ్మక్క మొదటి వారమే అది కనిపెట్టి, "నువ్వు రాయి పిల్లా, నేను ఒర్లుత" అని పని పంచేసింది.

అమరచింత దగ్గరి ఒక బట్టీలో మాకు వచ్చిన కేసు రుక్మిణిది. తొలి కాన్పు, నెలలు నిండాయి. భర్త బుధు అంతకుముందు కూడా ఇటువైపు పనిచేసి వెళ్లాడు, తెలుగు మాట్లాడగలడు. ఆమె ఊరు దాటడం మాత్రం అదే మొదలు.

ఆ బట్టీలో ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటుంది. అడ్వాన్సు తీసుకుని వచ్చిన జంటలో ఒకరు బయటికి వెళ్తే రెండోవారు లోపల ఉండాలి. సంతకు వెళ్లినా అంతే, దవాఖానకు వెళ్లినా అంతే. దాన్ని అమలు చేసేది మేస్త్రి నర్సింలు. కూలీలను కుదిర్చి తెచ్చి పని చేయించేవాణ్ని మేస్త్రి అంటారు. ఇలా మనిషిని పట్టి ఉంచడం చట్టవిరుద్ధమని మాకు శిక్షణలోనే చెప్పారు. అయితే కాన్పుకు ముందు ఫిర్యాదు చేస్తే మమ్మల్ని బట్టీలో అడుగు పెట్టనివ్వరని మేడమ్ ఆగమంది.

నొప్పులు మొదలైన రోజు యాదమ్మక్క రుక్మిణితో అంబులెన్సు ఎక్కింది. బుధును ఎలాగైనా పంపించమని అడగడానికి నన్ను బట్టీ దగ్గర దింపింది. మేస్త్రి వచ్చేదాకా ఆగి, నేను ఇంకా మాటలు కూడగట్టుకుంటుండగానే దవాఖాన నుంచి యాదమ్మక్క ఫోను వచ్చింది.

"ఆపరేషన్ చెయ్యాలంటుండ్రు. ఈమెనేమో మొగడొస్తెగాని ఏలిముద్ర ఎయ్యనంటుంది. ఎంత చెప్పినా ఇంటలేదు. లోపల బిడ్డ అలిసిపోయిందంట. వాణ్ని తోలియ్యి, జర జల్ది!"

రేకుల షెడ్డు కింద మంచం మీద కూర్చున్న మేస్త్రికి అదే చెప్పాను. గొంతు నాకే సరిగా వినిపించలేదు.

"ఆమె బైటుంది. ఈయన లోపలుండాలె. నేను పెట్టిన రూలు గాదు బిడ్డా, సేటుది" అన్నాడు. నేను కదలకుండా నిలబడేసరికి నవ్వాడు. "గంత పరేషాన్ ఐతే నువ్వు కూసో జమానతుకు. ఇప్పుడే తోలిస్త."

పక్కనే ఉన్న ట్రాక్టరు డ్రైవరు అందుకున్నాడు. "ఈమెతోని ఇటుకలు కోపిస్తవా ఏందన్నా? అచ్చు లేపే బలం గూడ లేదు."

బుధుకు బదులు హామీగా నేను వెళ్లి మంచం అంచున కూర్చున్నాను.

మేస్త్రి నవ్వు ఆగిపోయింది. బుధును బండి మీద దవాఖానలో దింపి రమ్మని డ్రైవరుకు చెప్పాడు.

ఆ మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నాను. సంచిలో నవల ఉంది కాని తీయలేదు. నర్సింలు నన్ను అమర్యాదగా చూడలేదు. చాయ్ తెప్పించాడు, ఎండ పడుతోందని మంచం జరిపించాడు. తన చిన్నతనంలో వాళ్ల నాయిన పుణె దగ్గర పనిలో చనిపోతే, శవాన్ని ఊరికి తెచ్చుకోవడానికి అక్కడి మేస్త్రి కొడుకులను మాత్రమే పంపి, వాళ్లమ్మను పనిలోనే ఆపేశాడట.

"మా అమ్మ మా నాయినకు మట్టి పెట్టనీకి గూడ రాలే. గట్లుంటది ఈ పని" అన్నాడు. ఆ మాటలో కోపం గాని బాధ గాని లేదు. ఏ పనికి ఏ పనిముట్టు వాడాలో చెప్పినట్టు చెప్పాడు.

పొద్దు వాలుతుండగా యాదమ్మక్క ఫోను చేసింది. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ఇంకో మాట కూడా చెప్పింది. భార్యాభర్తలిద్దరూ బయట ఉన్నారు కాబట్టి ఇక బట్టీకి పంపవద్దని, దవాఖాన నుంచి నేరుగా మా కేంద్రానికి తెచ్చి, బాలింత కోలుకున్నాక వాళ్ల ఊరికి రైలెక్కిద్దామని, ఫిర్యాదు రేపే వేద్దామని మేడమ్ అందట. ఇద్దరూ ఒకేసారి బయట ఉండటం అంత తేలిగ్గా దొరికే అవకాశం కాదు. కానీ బుధు ఒప్పుకోవడం లేదు.

ఫోను అతనికి ఇమ్మన్నాను. షెడ్డు అవతలికి నడిచి, నన్ను ఎవరూ కట్టేయలేదని, ఇప్పుడే లేచి బస్సెక్కుతానని చెప్పాను. అది నిజమే. ఆ బట్టీకి గేటు కూడా లేదు.

"నువ్వు నా పేరు మీద కూసున్నవ్ దీదీ. నేను రాకపోతే, రేపు ఇంకొకని పెండ్లానికి నొప్పులొస్తే ఎవరిని నమ్మి తోలిస్తరు?" అన్నాడు.

ఆ రోజు నేను ఫోనులో అన్నన్ని మాటలు ఇంటర్న్‌షిప్ మొత్తంలో ఎవరితోనూ అనలేదు. అతను వినలేదు. చీకటి పడకముందే బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. మేస్త్రి ముందు నిలబడి, నావైపు చూసి తల ఊపాడు, ఇక వెళ్లమన్నట్టు. కూతురు ఎలా ఉందని కూడా అడగకుండా లేచి వచ్చేశాను.

మొగుడు లోపల ఉండగా రుక్మిణి మాత్రం ఎక్కడికి పోతుంది? కుట్లు విప్పగానే పసిగుడ్డుతో బట్టీకే వచ్చింది. ఇటుకల వరసల పక్కన చీర ఉయ్యాల కట్టుకుని వానలు మొదలయ్యేదాకా పని చేసింది. ఫిర్యాదు వెళ్లలేదు. మా ఇష్టంతోనే ఉన్నామని వాళ్లిద్దరూ అంటే కేసు నిలవదని మేడమ్ చెప్పింది. తల్లీబిడ్డా క్షేమం, యాజమాన్యం సహకరించింది అని రాసి ఫైలు మూయమంది. నేనే రాశాను.

కొన్ని వారాలకు అదే బట్టీలో ఇంకొకతనికి జ్వరం ముదిరి, తోడుగా భార్యను కూడా పంపించాల్సి వచ్చింది. నేనూ యాదమ్మక్కా వెళ్లాం. నర్సింలు మమ్మల్ని చూసి మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చాడు.

"రాండ్రి. జమానతుకు ఎవరు కూసుంటరు? ఈ బిడ్డనా, నువ్వా అక్కా?"

ఈసారి వేళాకోళం కాదు. అది బట్టీ పద్ధతి అయిపోయింది. యాదమ్మక్క నావైపు ఒకసారి చూసి, సంచి కింద పెట్టి కూర్చుంది. "నువ్వు తీస్కపో వాళ్లను" అంది.

రుక్మిణి కాన్పు పూట అధికారుల కోసం ఎదురుచూసి ఉంటే పిల్ల దక్కేది కాదని యాదమ్మక్క ఇప్పటికీ అంటుంది. అది కాదనలేను. నాకు తెలిసిందల్లా ఇంతే: ప్రాణం మీదికి వచ్చినప్పుడు నియమంతో కొట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. ఆ సంగతి నియమం పెట్టినవాళ్లకు మనకంటే ముందే తెలుసు.